విల్‌హెల్మ్ మార్: పాత ద్వేషానికి కొత్త పేరు పెట్టిన మనిషి

యూదుల మీద ద్వేషాన్ని చెప్పడానికి ఇవాళ లోకమంతా వాడుతున్న మాట యాంటీసెమిటిజం. ఇంగ్లీషు పత్రికల్లోనే కాదు, మన తెలుగు టీవీ చర్చల్లోనూ అప్పుడప్పుడూ వినబడుతుంది. వినగానే ఇదేదో గ్రీకుల కాలం నాటి మాట అనిపిస్తుంది. కాదు. ద్వేషం చాలా పాతదే. మాట మాత్రం జనం నోట పడి ఇంకా నూట యాభై ఏళ్లు నిండలేదు. పుట్టింది జర్మన్ భాషలో. అక్కడ దాన్ని అంటీసెమిటిస్ముస్ అంటారు. దాన్ని వీధిలోకి తెచ్చి, ఒక సంఘానికి పేరుగా పెట్టి, తానే ఆ రకం మనిషినని చెప్పుకుని తిరిగినవాడు విల్‌హెల్మ్ మార్ అనే పత్రికా రచయిత.

ఈయన జీవితం మనకెందుకు అని ఎవరైనా అడగవచ్చు. ఎక్కడో మాగ్డెబర్గ్‌లో పుట్టినవాడు, తెలుగు అనే భాష ఉందని విన్నాడో లేదో. అయితే ఒక భాషాకుటుంబం పేరును మనుషుల ఒంటి మీద అంటించి, తరతరాలుగా ఆ ఊళ్లోనే ఉన్నవాళ్లను పరాయివాళ్లుగా లెక్క కట్టడం ఎలా జరుగుతుందో ఈ ఒక్క మనిషి కథలో కనబడినంత స్పష్టంగా ఇంకెక్కడా కనబడదని నా అభిప్రాయం. బళ్లారిలో, బరంపురంలో, షోలాపూర్‌లో, మదురైలో ఉన్న మనవాళ్లు ఆ మాత్రం తెలుసుకోవడంలో నష్టం లేదు.

మార్ 1819 నవంబరు 16న మాగ్డెబర్గ్‌లో పుట్టాడు. తండ్రి హైన్‌రిష్ మార్ ఆ రోజుల్లో పేరున్న రంగస్థల నటుడు, నాటక ప్రయోక్త. ఆయనకు ఈయన ఒక్కడే కొడుకు. నాటకాలవాళ్ల ఇళ్లలో ఉండేదే, ఒకచోట నిలకడ ఉండదు. హనోవర్‌లో చిన్న బడి, బ్రౌన్‌ష్వైగ్‌లో పెద్ద బడి, తర్వాత హాంబర్గ్‌లోనూ బ్రెమెన్‌లోనూ వ్యాపారం పని నేర్చుకోవడం. 1839లో తండ్రి వియన్నాలో ప్రసిద్ధమైన బుర్గ్‌థియేటర్‌లో ఉంటే అక్కడికి వెళ్లాడు. వియన్నాలో యూదుల సంస్థలు రెండింటిలో గుమాస్తాగా పనిచేశాడు. తనను అన్యాయంగా తీసేశారని తర్వాత చెప్పుకున్నాడు. ఆ ఒక్క ఉద్యోగం పోవడమే తర్వాతి కథకంతటికీ కారణమని కొందరు రాస్తారు. ఉద్యోగం పోయినవాళ్లందరూ సంఘాలు పెట్టి పొరుగువాళ్ల మీద పడరు కదా. పైగా ఆ తర్వాత ఇరవై ఏళ్లు మార్ పూర్తిగా వేరే మనిషి.

1841లో జ్యూరిచ్ చేరాడు. అప్పట్లో జర్మన్ రాజ్యాల నుంచి పారిపోయిన కవులు, ప్రజాస్వామ్యవాదులు, విప్లవకారులు అందరికీ స్విట్జర్లాండే ఆశ్రయం. మార్ వాళ్లలో కలిసిపోయాడు. కమ్యూనిస్టు పనులు చేస్తున్నాడన్న అనుమానంతో 1843లో జ్యూరిచ్ నుంచి వెళ్లగొట్టారు. లోజాన్ వెళ్లి పనివాళ్ల రహస్య సంఘాల్లో నాయకుడయ్యాడు, పత్రిక నడిపాడు. దేవుడు లేడన్నాడు, ప్రభుత్వమే అక్కర్లేదన్నాడు. 1845లో అక్కడి నుంచీ పంపించేశారు. ఆ అనుభవాలను 1846లో ఒక పుస్తకంగా అచ్చు వేశాడు. పాతికేళ్ల వయసుకే రెండు ఊళ్లు బహిష్కరించిన మనిషి.

తర్వాత హాంబర్గ్‌లో మెఫిస్టోఫెలెస్ అని వ్యంగ్య పత్రిక మొదలుపెట్టాడు. 1848లో యూరప్ అంతటా విప్లవాలు లేచాయి, హాంబర్గ్‌లో మార్ అతివాద ప్రజాస్వామ్యవాదుల పక్షాన ఉన్నాడు. అదే ఊళ్లో గాబ్రియెల్ రీసర్ అనే యూదు న్యాయవాది ఉండేవాడు. యూదులకు సమాన పౌరహక్కుల కోసం జీవితమంతా పోరాడిన మనిషి, 1848లో ఫ్రాంక్‌ఫర్ట్ జాతీయ సభకు ఉపాధ్యక్షుడు కూడా అయ్యాడు, తర్వాత హాంబర్గ్‌లో న్యాయమూర్తి అయ్యాడు. జర్మనీలో న్యాయమూర్తి పదవి పొందిన మొదటి యూదుడు ఆయనే. రీసర్ మితవాది, మార్ అతివాది. కనుక మార్ పత్రిక రీసర్‌ను వదలకుండా ఎగతాళి చేసేది. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. రాజకీయంలో ప్రత్యర్థి మీద కోపం, ఆ ప్రత్యర్థి పుట్టిన కులం మీద కోపంగా మారడం ఎక్కడ మొదలవుతుందో ఎవరూ గీత గీసి చూపలేరు. మార్ విషయంలో ఇక్కడే మొదలైందని ఆయన జీవితం మీద పెద్ద పుస్తకం రాసిన ఇజ్రాయెల్ చరిత్రకారుడు మోషె జిమ్మర్‌మాన్ పరిశోధన చదివితే అనిపిస్తుంది.

విప్లవం ఓడిపోయింది. కలలు కన్నవాళ్లు చాలామంది అమెరికా ఖండాలకు ఓడ ఎక్కారు. మార్ కూడా 1852లో కోస్టారికా వెళ్లాడు, వ్యాపారం చేయాలని. కలిసిరాలేదు. తిరిగొచ్చి మళ్లీ కలం పట్టాడు. ఆ ప్రయాణాల మీద 1863లో ఒక పుస్తకం వేశాడు. కానీ మనిషి మారిపోయాడు. ప్రజాస్వామ్యం మీద పాత నమ్మకం తగ్గి, ప్రష్యా నాయకత్వంలో జర్మనీ ఒక్కటి కావాలన్నది కొత్త నమ్మకం అయింది.

1854లో పెళ్లి చేసుకున్నాడు. భార్య తండ్రి యూదు మతం వదులుకున్న వ్యాపారి. ఆ పెళ్లి 1873లో విడాకులతో ముగిసింది. 1874లో చేసుకున్న రెండో భార్య కూడా యూదు స్త్రీయే, ఆ ఏడాదే చనిపోయింది. మూడో భార్య తల్లిదండ్రులలో ఒకరు యూదులు, ఒకరు క్రైస్తవులు. ఆ పెళ్లీ రెండేళ్లలో తెగిపోయింది. నాలుగో భార్య హాంబర్గ్ కార్మికుడి కూతురు. ఇవన్నీ చూసి మార్ స్వయంగా యూదుడే అని ఒక పుకారు చాలాకాలం తిరిగింది. అది అబద్ధమని జిమ్మర్‌మాన్ తేల్చాడు. ఇంటి సంగతులను బట్టి వీధి సంగతులు నిర్ణయించడం నాకు ఇష్టం లేదు, అందుకే ఇంతటితో ఆపుతున్నాను. ఇన్నేళ్లు యూదు కుటుంబాలతో ఒకే కప్పు కింద ఉన్న మనిషికి వాళ్లు తెలియనివాళ్లు కాదు అన్నంత వరకు చెప్పవచ్చు. తెలియక ద్వేషించాడని అనడానికి వీల్లేదు.

ఇప్పుడు కాస్త దేశం సంగతి. యూదులు జర్మన్ నేల మీదికి నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు కారు. కొలోన్ నగరంలో యూదులను నగరసభ పదవుల్లోకి తీసుకోవచ్చని రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఇచ్చిన ఆజ్ఞ సంవత్సరం 321. అంటే మార్ పుట్టేనాటికే పదిహేను వందల ఏళ్లు. వాళ్ల ఇంటి భాష కూడా జర్మనే, లేదా జర్మన్ నుంచి పుట్టిన యిద్దిష్. హీబ్రూ ప్రార్థన భాష, చదువు భాష. హాంబర్గ్‌లో 1860 రాజ్యాంగంతోనూ, ఉత్తర జర్మన్ సమాఖ్యలో 1869 చట్టంతోనూ, 1871లో సామ్రాజ్యం ఏర్పడ్డాక దేశమంతటా వాళ్లకు సమాన హక్కులు వచ్చాయి. వాళ్ల సంఖ్య ఎంతనుకున్నారు? నూటికి ఒకరు, ఆ పైన కొంచెం.

హక్కులు వస్తున్న ఆ రోజుల్లోనే, 1862లో, మార్ యూదుల అద్దం అనే అర్థం వచ్చే పేరుతో ఒక కరపత్రం లాంటి చిన్న పుస్తకం రాశాడు. సమాన హక్కులకు యూదులు తగరని దాని వాదన. పాత ప్రజాస్వామ్య మిత్రులే ఛీకొట్టారు. రాజకీయంగా దెబ్బతిన్నాడు. పుస్తకం అప్పట్లో పెద్దగా పారలేదు కూడా. పదిహేడేళ్ల తర్వాత అదే మనిషి అలాంటి సరుకే తెస్తే జనం ఎగబడి కొన్నారు. ఆ మధ్యలో మారినదేమిటి?

మారింది చాలావరకు డబ్బు పరిస్థితి. 1871 విజయం తర్వాత జర్మనీలో కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. 1873లో ముందు వియన్నాలో, తర్వాత బెర్లిన్‌లో షేర్ల బజారు కుప్పకూలింది. చిన్న జీతగాళ్లు, చిల్లర వ్యాపారులు దాచుకున్నది పోగొట్టుకున్నారు. ఆ దెబ్బ ఏళ్ల తరబడి లాగింది. మోసపోయినవాడికి ఒక ముఖం కావాలి, తిట్టడానికి. ఒట్టో గ్లాగౌ అనే పత్రికా రచయిత ఇళ్లలో అందరూ చదివే గార్టెన్‌లౌబె వారపత్రికలో తప్పంతా యూదు వ్యాపారులదే అన్నట్టు వరసగా వ్యాసాలు రాశాడు. నేల అలా తడిసి ఉన్నప్పుడు మార్ విత్తనం చల్లాడు.

1879లో బెర్న్ నగరంలో ఆయన పుస్తకం అచ్చయింది. జర్మన్‌తనం మీద యూదుతనం సాధించిన విజయం అని దాని పేరుకు అర్థం. మతానికి సంబంధం లేని దృష్టితో చూసినది అని కింద ఒక చిన్న పంక్తి. ఆ ఏడాదే పన్నెండు ముద్రణలు అయ్యాయి. పుస్తకం స్వరం విచిత్రం. యుద్ధానికి పిలుపులా కాక ఓడిపోయినవాడి ఏడుపులా ఉంటుంది. యూదులు ఇప్పటికే గెలిచేశారట, జర్మనీ పని అయిపోయిందట, తాను కేవలం ఆ సంగతి నమోదు చేస్తున్నాడట. నూటికి ఒక్కరున్న జనం నూటికి తొంభై తొమ్మిది మందిని జయించారని రాస్తే నమ్మినవాళ్లున్నారు. భయపెట్టే అబద్ధం కంటే బాధపెట్టే అబద్ధం ఎక్కువ దూరం పోతుందేమో.

కింద ఉన్న ఆ చిన్న పంక్తే ఈ కథలో అసలు మెలిక. అంతకుముందు యూదుల మీద ద్వేషం ఎక్కువగా మతం పేరు మీద నడిచేది. క్రీస్తును తిరస్కరించారని, చంపించారని. అది కూడా వేల ప్రాణాలు తీసిన ద్వేషమే. అయినా అందులో పేరుకైనా ఒక తలుపు ఉండేది. బాప్తిస్మం పొందితే చాలామటుకు గొడవ తీరేది. మార్ ఆ తలుపు మూసేశాడు. మతం సంగతి నాకు అక్కర్లేదు, ఇది జాతి సంగతి, రక్తం సంగతి అన్నాడు. మతం మార్చుకోవచ్చు, భాష మార్చుకోవచ్చు, పుట్టుకను మార్చుకోలేరు కదా. నాస్తికుడైన మార్ మతద్వేషాన్ని నాగరికత లేని పాత పద్ధతి అని ఈసడించి, అంతకంటే తప్పించుకోలేని దాన్ని దాని స్థానంలో పెట్టాడు. నాస్తికులందరినీ అనడం లేదు, అపార్థం చేసుకోవద్దు. మతం వదిలిన మాత్రాన మనిషికి ద్వేషం వదలదని మాత్రం ఇక్కడ తెలుస్తుంది.

ఇక మాట సంగతి. జర్మన్‌లో అప్పటికే ఉన్న మాట యూడెన్‌హాస్. సూటిగా యూదుద్వేషం అని అర్థం. ఆ మాటలో దాచడానికి ఏమీ లేదు. నేను ద్వేషిని అని ఎవరు చెప్పుకుంటారు? సభలో లేచి చెప్పుకోవాలంటే దానికి కోటు, టై వేయాలి. సెమిటిక్ అనే మాట ఆ పనికొచ్చింది.

ఆ సెమిటిక్ పుట్టుక ఇంకా వెనక్కి పోతుంది. బైబిల్ ఆదికాండంలో నోవహుకు షేము, హాము, యాపెతు అని ముగ్గురు కొడుకులు. షేము పేరు నుంచి, హీబ్రూ, అరబ్బీ, అరమాయిక్ లాంటి చుట్టరికం ఉన్న భాషలకు సెమిటిక్ అని పేరు పెట్టినవాడు గాటింగెన్ విశ్వవిద్యాలయ చరిత్ర పండితుడు ఆగస్ట్ లుడ్‌విగ్ ష్లోట్సర్. సంవత్సరం 1781. ఇథియోపియాలో మాట్లాడే అమ్హారిక్ కూడా ఆ కుటుంబంలోదే. అది భాషల లెక్క. అందులో తప్పేమీ లేదు.

తప్పు తర్వాత మెల్లగా చేరింది. ఫ్రాన్సులో ఎర్నెస్ట్ రెనాన్ 1855లో సెమిటిక్ భాషల చరిత్ర రాశాడు. పెద్ద పండితుడు, కాదనను. కానీ భాషల నుంచి జారి, సెమిటిక్ జనుల బుద్ధి ఇంత, ఆర్యుల బుద్ధి అంత అని బేరీజు వేయడం మొదలుపెట్టాడు. ఆర్యులు పై మెట్టు, సెమిటిక్‌లు కింది మెట్టు. దాన్ని నిలదీసినవాళ్లలో ఒకడు మోరిట్జ్ స్టైన్‌ష్నైడర్. 1860లో రెనాన్ ధోరణిని తప్పు పడుతూ, ఇవి సెమిటిక్ వ్యతిరేక దురభిప్రాయాలు అనే అర్థంలో జర్మన్‌లో ఆ విశేషణాన్ని మొదట వాడినవాడు ఆయనే అని పండితులు చెబుతారు. అంటే మాట మొదట పుట్టింది ఒక యూదు పండితుడి కలం నుంచి, దురభిప్రాయాన్ని ఎత్తిచూపడానికి. అది వ్యాసంలో పడి ఉండిపోయింది, జనంలోకి రాలేదు.

స్టైన్‌ష్నైడర్ గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. 1816లో మొరావియాలో పుట్టాడు. జీవితమంతా చేసింది పుస్తకాల జాబితాలు. ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలో హీబ్రూ పుస్తకాలకు ఆయన తయారు చేసిన పట్టిక ఇప్పటికీ పండితులకు ఆధారం. లైడెన్, మ్యూనిక్, బెర్లిన్ చేతిరాత ప్రతులకూ చేశాడు. మార్ ఊరైన హాంబర్గ్ గ్రంథాలయంలో హీబ్రూ చేతిరాతల పట్టిక 1878లో వచ్చింది, మార్ పుస్తకానికి ఒక్క ఏడాది ముందు. బెర్లిన్‌లో యూదు బాలికల బడికి పెద్దగా పనిచేస్తూ ఇదంతా చేశాడు. రిజిస్టర్లు రాసి జీతం తీసుకున్నవాణ్ణి కనుక నాకు ఈ మనిషి మీద గౌరవం కొంచెం ఎక్కువే. జాబితా రాసేవాడికి పేరు రాదు. చూడండి, మాటను మంచికి వాడినవాడి పేరు పండితులకే తెలుసు, చెడ్డకు వాడినవాడి పేరు విజ్ఞాన సర్వస్వాల్లో ఉంది.

చాలాచోట్ల మార్ 1879 పుస్తకంలోనే ఈ మాట పుట్టిందని రాస్తారు. కొన్నిచోట్ల ఆ పుస్తకానికి 1873 అని సంవత్సరం కూడా తప్పు వేస్తారు. ఆ పుస్తకంలో ఆయన సెమిటిజం అన్నాడు గానీ, ఈ మాట వాడలేదు. 1879 సెప్టెంబరు మొదట్లో ఒక యూదు పత్రికలో, మార్ వర్గం ఇలాంటి పేరుతో వారపత్రిక తేబోతోందన్న వార్త వచ్చింది. ఆ నెలాఖరుకు బెర్లిన్‌లో అంటీసెమిటెన్-లీగా అనే సంఘం లేచింది. సెమిటిక్ వ్యతిరేకుల సంఘం అని. ద్వేషాన్ని సంఘం పేరుగా బోర్డు మీద రాయించి, యూదులు తప్ప అందరూ సభ్యులు కావచ్చని నియమం పెట్టారు. 1880లో కెమ్నిట్జ్ నుంచి అదే పేరుతో చిన్న పుస్తకాలు మూడు వచ్చాయి. వాటిని అచ్చు వేసిన ష్మైట్స్‌నర్ తత్వవేత్త నీషె పుస్తకాలకు కూడా ప్రకాశకుడు.

మాటను విడదీసి చూస్తే దాని మోసం తెలుస్తుంది. అంటి అంటే వ్యతిరేకం. సెమిట్ అంటే షేము సంతతి. చివరి ఇస్ముస్ మన వాదం లాంటిది. సామ్యవాదం, ఉదారవాదం పక్కన ఇదీ ఒక వాదంలా కూర్చుంటుంది. వ్యతిరేకించడానికి ముందు సెమిటిజం అనే వాదం ఒకటి ఉండాలి కదా? లేదు. లేనిదాన్ని ఉన్నట్టు చూపడమే ఆ మాట చేసే మొదటి పని. రెండోది, అరబ్బులు, ఇథియోపియావాళ్లు కూడా సెమిటిక్ భాషలవాళ్లే. మార్ వాళ్ల జోలికే పోలేదు. ఆయన గురి ఒక్క యూదులే, అదీ ఇంట్లో జర్మన్ మాట్లాడే యూదులు. కనుక ఈ మాటకు వ్యుత్పత్తి ఒకటి, అర్థం ఒకటి. అరబ్బులు సెమిటిక్‌లు కాబట్టి వాళ్లకు యూదుద్వేషం ఉండదని ఎవరైనా వాదిస్తే, అది వ్యుత్పత్తిని పట్టుకుని అర్థాన్ని వదిలేయడమే.

మన దేశంలో చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. కొంకణ తీరంలో బెనె ఇజ్రాయెల్ యూదుల ఇంటి భాష మరాఠీ. కొచ్చిన్ యూదులది మలయాళం. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే కుటుంబాలది మన తెలుగే. భాషను బట్టి వీళ్లెవరూ సెమిటిక్ కారు. యూదు ఆచారం మాత్రం పాటిస్తారు.

మనకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. ష్లోట్సర్ పశ్చిమాసియా భాషలకు చేసినదాన్నే మద్రాసు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ మన భాషలకు చేశాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావు, వీటికి వేరే కుటుంబం ఉంది అని చూపించాడు. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందు చేర్చిన వ్యాసంలో, 1816లో. స్టైన్‌ష్నైడర్ పుట్టిన ఏడాదే. 1856లో కాల్డ్‌వెల్ ఆ కుటుంబానికి ద్రావిడ అనే పేరు స్థిరపరిచాడు. అదీ భాషల పేరే. తర్వాత మనుషుల పేరయింది, రాజకీయం పేరయింది. ఆర్య అన్నదీ అంతే. మాక్స్ ముల్లర్ 1888లో, ఆర్య అన్నది భాషకు చెందిన మాట, రక్తానికి కాదు అని గట్టిగా చెప్పాడు, కానీ అప్పటికి మాట చేయి దాటిపోయింది. జర్మనీలో జరిగినదీ ఇక్కడ జరిగినదీ ఒకటే అని నేను అనడం లేదు. అలా అనడం అక్కడ చచ్చిపోయినవాళ్లకు అన్యాయం. జనాభా లెక్కలో మాతృభాష గడిలో ఏం రాయాలో తెలిసిన మనలాంటి ఇళ్లవాళ్లకు, ఆ గడి ఎప్పుడు భాషను అడుగుతోంది, ఎప్పుడు మనిషిని అడుగుతోంది అన్న తేడా తెలియాలని మాత్రం అంటున్నాను.

జనాభా లెక్క అన్నాను కనుక ఇదీ చెప్పాలి. మార్ సంఘం ఏడాది తిరిగేసరికి చతికిలబడింది. ఆయనకు సంఘం నడపడం చేతకాలేదు, తోటివాళ్లతో పడలేదు. కానీ మాట ఆగలేదు. ఆస్థాన మతబోధకుడు ఆడోల్ఫ్ ష్టోకర్ బెర్లిన్ సభల్లో, చరిత్ర ఆచార్యుడు హైన్‌రిష్ ఫాన్ ట్రైట్ష్కె పండిత పత్రికలో అదే ధోరణి అందుకున్నారు. ఆచార్యుడు అన్నాక చదువుకున్నవాళ్లకు సిగ్గు పోయింది. 1880-81లో బిస్మార్క్‌కు ఒక అర్జీ తయారైంది. రెండున్నర లక్షలకు పైగా సంతకాలు. యూదుల వలసను ఆపాలి, న్యాయమూర్తుల లాంటి పదవుల నుంచి తొలగించాలి, బళ్లలో యూదు ఉపాధ్యాయులను తగ్గించాలి. నాలుగో కోరిక, జనాభా లెక్కల్లో యూదులను మళ్లీ విడిగా లెక్కపెట్టాలి. మొదటి మూడూ గట్టిగా అరిచే కోరికలు. నాలుగోది చూడటానికి గుమాస్తా పని. కానీ ముందు విడిగా లెక్క ఉంటేనే మిగిలిన మూడూ చేయడం కుదురుతుంది. బిస్మార్క్ ప్రభుత్వం ఆ కోరికలు తీర్చలేదు. 1880 నవంబరులో రోమ్ చరిత్రకారుడు థియోడోర్ మామ్సెన్‌తో సహా 75 మంది ప్రముఖులు ఈ ధోరణిని ఖండిస్తూ ప్రకటన ఇచ్చారు. ఆ రోజు అలా నిలబడినవాళ్లున్నారని కూడా రాసి పెట్టాలి.

మాట 1880లలోనే ఫ్రెంచిలోకి, ఇంగ్లీషులోకి ఎక్కింది. 1893 ఎన్నికల్లో జర్మన్ పార్లమెంటులో ఈ పేరు చెప్పుకున్న పార్టీలకు 16 సీట్లు వచ్చాయి. తర్వాత నాజీలు చేసింది అందరికీ తెలుసు, 60 లక్షల ప్రాణాలు. విచిత్రం ఏమిటంటే నాజీ ప్రచార శాఖకు చివరికి ఈ మాట నచ్చలేదు. అరబ్బులకు కోపం వస్తుందని, సెమిటిక్ అనకుండా సూటిగా యూదు వ్యతిరేకం అని రాయమని పత్రికలకు సూచనలు ఇచ్చింది. మార్ వేసిన కోటు వాళ్లకు అక్కర్లేకపోయింది. ఇటీవల, హోలోకాస్టు స్మృతిని కాపాడే అంతర్జాతీయ కూటమి 2015లో ఇంగ్లీషులో ఈ మాటను మధ్యలో గీత లేకుండా, ఒకే ముక్కగా రాయాలని సూచించింది. గీత పెట్టి రాస్తే సెమిటిజం అనేది నిజంగా ఒకటి ఉన్నట్టు అనిపిస్తుందని కారణం. అమెరికా వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2021లో అదే పద్ధతికి మారింది. మన లిపిలో ఆ చిక్కు లేదు. నన్నడిగితే తెలుగులో రాసేటప్పుడు యూదుద్వేషం అని రాస్తే సరిపోతుంది. మార్ దాచాలనుకున్నది అందులో బయటికి కనబడుతుంది.

మాట లోకం తిరుగుతుండగా మనిషి హాంబర్గ్‌లో ముసలివాడయ్యాడు. కొత్తగా వచ్చిన ద్వేషపార్టీల నాయకులు ఆయన్ను పితామహుడని పొగిడేవారు గానీ సభలకు పిలిచేది తక్కువ. ఆయనకూ వాళ్లంటే రోత పుట్టింది. ఇది డబ్బు చేసుకునే వ్యాపారం అయిపోయిందని తేల్చాడు. 1891 ప్రాంతంలో ఒక యూదు వ్యతిరేకి వీలునామా అని అర్థం వచ్చే పేరుతో ఒక వ్యాసం రాశాడు. జర్మనీ కష్టాలకు కారణం యూదులు కాదు, యంత్రాలూ కొత్త ఆర్థిక పద్ధతీ తెచ్చిన మార్పులు అని, తాను గురి తప్పానని అందులో ఒప్పుకుని యూదులను క్షమాపణ అడిగాడని జిమ్మర్‌మాన్ చెబుతాడు. అది పశ్చాత్తాపమా, తనను పక్కన పెట్టినవాళ్ల మీద అక్కసా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. రెండూ కలిసి ఉండవచ్చని నాకనిపిస్తుంది, ఏడు పదులు దాటిన మనిషిలో ఒకే భావం విడిగా దొరకడం కష్టం.

మార్ 1904 జూలై 17న హాంబర్గ్‌లో చనిపోయాడు. వయసు 84. అప్పటికి ఆయన పేరు గుర్తున్నవాళ్లు తక్కువ. జర్మన్‌తనం మీద యూదుతనం విజయం ఒక్క ఏడాదిలో పన్నెండు సార్లు అచ్చయితే, ఆ వీలునామా ఆయన బతికి ఉండగా ఒక్కసారి కూడా అచ్చు కాలేదు. చేతిరాత కాగితాలుగానే హాంబర్గ్ ప్రభుత్వ పత్రాగారానికి చేరింది.